బోర్లపడ్డ పడవను దాటడం

షామీర్‌పేట రోడ్డు పక్కన చేపలమ్మే మైసమ్మను ఎరగనివాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ. బేరమాడబోయి భంగపడ్డవాళ్ళయితే ఇంకా బాగా ఎరుగుదురు. ఒక మాట అన్నదంటే అంతే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అలాంటి మనిషి నలభై దాటాక రిమోటు పడవల పందేల్లో దిగిందంటే మొదట ఎవరూ నమ్మలేదు. నమ్మినవాళ్ళు నవ్వారు. ఆమె పట్టించుకుంటే కదా!

అలియాబాద్ దారిలో రాళ్ళు తవ్వి వదిలేసిన పెద్ద గుంత ఒకటుంది. ఎండాకాలంలో కూడా మనిషి లోతు నీళ్ళుంటాయి. తుర్కపల్లి ల్యాబుల్లో పనిచేసేవాళ్ళూ, దుండిగల్ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళూ కొందరు కలిసి నెలకో శనివారం పొద్దుగూకాక అక్కడ పందేలు పెట్టుకుంటారు. పడవలు మూరెడు పొడవుంటాయి. నడిపేవాళ్ళు ఒడ్డున నిలబడతారు. రిమోటుకున్న మీట నొక్కితే పడవ ఉరుకుతుంది, వేలు వదులు చేస్తే ఆగుతుంది, పక్కనున్న చిన్న చక్రం తిప్పితే పక్కకు మళ్ళుతుంది. గట్టు మీద స్తంభాలకు లైట్లు, మలుపుల దగ్గర తేలే డబ్బాలకు లైట్లు, పడవలకూ లైట్లే. జనరేటరు మోతలో ఎర్రవీ పచ్చవీ నీళ్ళ మీద ఒకదాన్నొకటి తరుముకుంటుంటే గట్టున పోయే లారీ డ్రైవర్లు కూడా బండి ఆపి చూసిపోతారు.

పందెంలో బోల్తాపడ్డ పడవలను చివర్లో ఏరుకొచ్చే పని మైసమ్మ పెనిమిటి ఎంకయ్యది. థర్మోకోల్ తెప్ప మీద వెళ్ళి తెచ్చిచ్చేవాడు. ఆమె ఊరికే తోడు వెళ్ళేది. ఒకరోజు తృప్తి అనే లెక్చరరమ్మ, "ఒక్కసారి పట్టుకొని చూడు మైసమ్మక్కా" అంటూ రిమోటు చేతికిచ్చింది. ఇచ్చిన చేయి మళ్ళీ చాపడానికి మొహమాటపడింది పాపం. మైసమ్మ బతుకంతా నీళ్ళ మీదే గడిచింది, గడిచినదంతా పనే. నీళ్ళతో ఆడుకోవచ్చన్న సంగతి ఆమెకు ఆ సాయంత్రమే తెలిసింది. ఆ సంతోషం తట్టుకోలేక ఇంటికి వెళ్ళే దారంతా నోరు మూయలేదు. అడుగు పగిలిన పాత పడవ ఒకటి తృప్తి ఆమెకే ఇచ్చేసింది. మైసమ్మ దాన్ని అతికించి, పసుపు రంగు వేసి, మూతి మీద కుంకుమ బొట్టు పెట్టింది.

ఒంటరిగా నడిపితే పసుపు పడవ బాణమే. "చేప పిల్లకు ఈత నేర్పాలా?" అని అందరూ మెచ్చుకున్నారు. తొలి పందెంలో ఆ మెప్పు కాస్తా నీళ్ళపాలైంది. ముందు పోతున్న నగేష్ పడవ, నాగారం కుర్రాడిదది, అల తగిలి బోల్తా కొట్టింది. వెనకాల వస్తున్న పసుపు పడవ దాన్ని దాటి పోవాలి కదా, పోలేదు. నెమ్మదించి, పక్కకు తిరిగి, దాని దగ్గరే నిలబడిపోయింది. వెనక నుంచి వచ్చిన ఇంకో పడవ దాన్ని ఢీకొట్టింది. మరుసటి నెలా ఇదే కథ. ఈసారి గుద్దుకున్నవి మూడు.

పందేలు నడిపించే కుమార్ తుర్కపల్లి ల్యాబు మనిషి. మాట మెత్తన, రూలు గట్టి.

"మైసమ్మక్కా, చీకట్ల మధ్యల ఆగిన పడవ అందరికీ డేంజరే. మూడు పందేలు వరుసగా పూర్తి చేయకుంటే రాత్రి పందేలకెల్లి పేరు తీసేస్తం. నీకొక్కదానికి కాదు, అందరికీ గదే. ఆదివారం పగటి పందేలకు రారాదు?"

"ఆదివారం పగలు నేనొస్తే చేపలు నువ్వమ్ముతవా సారూ?" అంది మైసమ్మ.

ఆదివారమంటే ఆమెకు తల గోక్కోవడానికి తీరిక ఉండదు. శనివారం రాత్రి పోయిందంటే పడవల ఆటే పోయినట్టు. వచ్చే నెల పందెం మూడోది.

ఆ రాత్రి తృప్తి ఆమె పక్కన గట్టు మీద కూర్చుంది. "అక్కా, నిజం చెప్పు. ఎందుకాపినవ్?"

"నేనాపలే బిడ్డా. చెయ్యి ఆపింది." మైసమ్మ నీళ్ళ వైపు చూస్తూ చెప్పింది. "మా చేపలు పట్టేటోళ్ళల్ల ఒక కట్టు ఉన్నది. చెరువుల బోర్లపడ్డ తెప్ప గనవడితే దాటి పోవద్దు. ఖాళీదని తెలిసినా సరే, దగ్గరికి పోయి, చెయ్యి వెట్టి తిప్పి సూసినంకనే పోవాలె. మా నాయిన గౌరయ్య పెండ్లిగాక ముందు తెప్ప కింద పడి కాలుకు వల సుట్టుకొని ఉండె. వేరే ఊరాయన అటుకెల్లి పోతా తిప్పి సూసిండు. ఖాళీదేమో అని పోయుంటే, నేను యాడ పుడుదును?"

తృప్తి, "గా పడవల కింద ఎవ్వరుండరు కదక్కా" అంది మెల్లగా.

"నాకెరుకే. చేతికి ఎరుక గావాలె గద!"

చేతికి ఎరుక చెయ్యాలనే మైసమ్మ పూనుకుంది. రోజూ గంప ఖాళీ కాగానే, చీకటి పడేలోపు, ఇద్దరూ గుంత దగ్గరికి పోయేవాళ్ళు. చేపలు పెట్టే థర్మోకోల్ పెట్టెను ఎంకయ్య నీళ్ళ నడుమ బోర్లించి వచ్చేవాడు. దాన్ని ఆపకుండా దాటాలి, అంతే పని. మొదట్లో పసుపు పడవ పెట్టె దగ్గరికి రాగానే, అత్తగారింటి గడపలో కొత్త కోడలిలా ఆగిపోయేది.

"ఏందే, గా పెట్టెకు పెరుగన్నం పెడ్తవా ఏంది? నడువు!" అని ఎంకయ్య వెక్కిరించేవాడు.

ఒక సాయంత్రం ఆమె రిమోటు గట్టు మీద పెట్టేసింది. ఒళ్ళంతా చిరాకు, దాని కింద సిగ్గు. "గిదేం సదువయ్యా? మనిషిని ఇడిసిపెట్టి పోయే సదువు. మా నాయినుంటే ముఖం మీద ఉమ్ముతుండె."

"గా పందెం పడవల మనిషి యాడున్నడే? బ్యాటరీ ఉన్నది."

భార్యకు మొగుడు చెప్పిన మాట పనికిరావడం ఆ ఇంట్లో అరుదు. ఇది పనికొచ్చింది. అప్పట్నుంచి పెట్టె దగ్గరపడగానే మైసమ్మ "బ్యాటరీ, బ్యాటరీ" అని పైకి అనుకుంటూ మీట బిగించి పట్టేది. తినగా తినగా వేము తీయనవుతుందంటారు. ఆమెకు తీయన కాలేదు కానీ మింగడం వచ్చింది. పందెం వారానికి పడవ ఆగడం మానేసింది. పక్కన తిరునాళ్ళు జరిగినా ఆగదనిపించింది.

శనివారం వచ్చింది. గాలి పడిపోయి నీళ్ళు నిద్రపోతున్నట్టున్నాయి, లైట్ల చుట్టూ ఉసుళ్ళు ముసిరాయి. వరుసలో నాలుగు పడవలు. తృప్తిది, నగేష్‌ది, దుండిగల్ నుంచి వచ్చిన ఇంకొకాయనది, మైసమ్మది. కుమార్ ఈల ఊదగానే నాలుగూ ఒక్కసారి లేచాయి. దుండిగలాయన బ్యాటరీ సగంలోనే చచ్చి పడవ అలలకు కొట్టుకుని ఒడ్డు చేరింది. మిగిలిన మూడింటిలో తృప్తిది ముందు, మైసమ్మది వెంటనే, నగేష్‌ది ఆ వెనక. ఎంకయ్య తెప్ప పక్కన గొంతుక్కూర్చుని గోళ్ళు కొరుకుతున్నాడు. పైకి మాత్రం, "ఇంట గెలిచి రచ్చ గెలువమన్నరు. ఇంట్ల రోజూ గెలుస్తనే ఉన్నది గద" అంటున్నాడు పక్కవాళ్ళతో.

చివరి చుట్టులో, దూరపు మలుపు దగ్గర, తృప్తి పడవ తేలే డబ్బాను రాసుకుని గాల్లోకి లేచి బోర్లపడింది. ఎర్ర దీపం, పచ్చ దీపం నీళ్ళలోకి పోయాయి. తెల్లటి అడుగు ఒక్కటే పైకి తేలింది.

థర్మోకోల్ పెట్టె వేరు, ఇది వేరు. ఆ పెట్టెను ఎంకయ్యే బోర్లించేవాడు, కావాలని. ఇది ఆమె కళ్ళెదుట బోల్తాపడింది. మైసమ్మ వేలు వదులైంది. పసుపు పడవ మూతి తెల్లటి అడుగు వైపు తిరిగింది. నగేష్ పడవ రయ్యిన పక్కనుంచి పోయింది. ఇంకో క్షణం అట్లాగే ఉంటే ఇక్కడికి రావడం ఇదే ఆఖరు.

"బ్యాటరీ!" అని గుంతంతా దద్దరిల్లేలా అరిచింది.

గట్టు మీద ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడి తమ రిమోట్లు తడుముకున్నారు. మైసమ్మ కళ్ళు ఆర్పలేదు. పళ్ళు బిగించి మీట నొక్కింది. పసుపు పడవ తెల్లటి అడుగును ఒరుసుకుంటూ దాటింది, మలుపు తిరిగింది, నగేష్ వెనకాలే గీత దాటింది.

"అయిపోయిందక్కా! పూర్తి చేసినవ్! ఇగ నిన్ను ఎవ్వరు తీసేయరు!" కుమార్ రూళ్ళన్నీ మరిచి చప్పట్లు కొట్టాడు. తృప్తి తన పడవ సంగతి వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆమెను వాటేసుకుంది.

మైసమ్మ నవ్వింది, అందరికీ నవ్వుతూనే జవాబులు చెప్పింది. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సహించలేదు. పందెం పూర్తి చేసినందుకు గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. కానీ దాటిపోయిన ఆ చెయ్యిని చూసుకుంటే భయమేసింది. రేపు నిజంగా ఎవరైనా నీళ్ళల్లో ఉంటే? ఎంకయ్యతో అంటే నవ్వుతాడని అనలేదు. దుప్పటి కింద చెయ్యి గట్టిగా మూసుకుని పడుకుంది.

తెల్లారకముందే ఇద్దరూ షామీర్‌పేట చెరువులోకి దిగారు, ఎవరి తెప్ప మీద వాళ్ళు. ఆదివారం గిరాకీకి వలలు ఎత్తాలి. మంచు పలచగా ఉంది. ఎంకయ్య ముందుగా వల వైపు సాగాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే పెండ్లాం వేరే దిక్కున పోతోంది.

"ఓ మైసా! ఎటు పోతున్నవే? వల గిటున్నది!"

ఆ కేక వినబడ్డాకే ఆమె తను ఎటు పోతున్నదో చూసుకుంది. ఎదురుగా, తుంగ పక్కన, తెల్లటి థర్మోకోల్ దిమ్మె ఒకటి బోర్లా తేలుతోంది. ఎవరి తెప్పదో తెగి కొట్టుకొచ్చినట్టుంది. దాన్ని ఎప్పుడు చూసిందో, తెప్పను ఎప్పుడు తిప్పిందో ఆమెకే తెలియదు. తెడ్డు దానంతటదే పడుతోంది.

దగ్గరికి పోయి, వంగి, చెయ్యి పెట్టి దిమ్మెను తిప్పింది. కింద నాచు, ఒక నత్త.

"ఎవలన్న ఉన్నరా?" అని అడిగాడు ఎంకయ్య దూరం నుంచి, గొంతులో కంగారుతో.

"ఎవ్వరు లేరయ్యా, ఖాళీదే!" అని అరిచింది మైసమ్మ. చెంపలు తడిసిపోతున్నా ఆమె గొంతు పండగనాటి గొంతులా ఉంది.