జ్వరంతో పోయిన వైద్యురాలు

క్లినిక్‌లో టీ తాగుతూ ఫోన్ తెరిచేసరికి, నేను రాస్తున్న కథలో నా వైద్యురాలు చచ్చిపోయి ఉంది. నేను చంపలేదు. ఒళ్లు మండిపోయింది.

కథ కాకతీయుల కాలం నాటిది. అన్నను చంపినవాడి తల నరికేదాకా నిద్రపోనని ఒట్టేసుకున్న ఒక యోధుడు, చేత్తో తాకి గాయాలు మాన్పే ఒక వైద్యురాలు. మాన్పిన ప్రతి గాయం నొప్పీ ఆమె ఒంట్లోకే వస్తుంది. అయినా వాణ్ణి ప్రేమించింది, పిచ్చిది. వాడేమో నయం కాగానే మళ్లీ కత్తి పట్టుకుని బయల్దేరతాడు. ఆఖరి భాగంలో ఆమె "ఇక తాకను" అనాలి. ఆ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ కథ నడిపాను.

దోహాలో నేను ఫిజియోథెరపిస్టుని. అల్ హిలాల్ పేటలోని క్లినిక్‌లో పొద్దుట్నుంచి అందరి మెడలూ నడుములూ నొక్కి ఇంటికి చేరేసరికి నా వేళ్లు వంగవు. అందుకని నేను నోటితో చెబితే మా ఆయన టైప్ చేసి కథల యాప్‌లో పెడతారు. నమ్మకం మరి!

ఆయన పెట్టిన భాగంలో నా వైద్యురాలు తన శక్తి పాపమని కుమిలి కుమిలి ఏడ్చి, జ్వరమొచ్చి పోయింది. జ్వరమట! యోధుడు మోకాళ్లూని ప్రార్థన చేస్తే గాయాలన్నీ వాటంతటవే మానిపోయాయట.

సాయంత్రం మెసైమీర్‌లోని మా ఇంట్లో అడుగు పెడుతూనే, చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"ఎవరు చంపమన్నారండీ దాన్ని?"

"అరవకే, పక్కింటివాళ్లు వింటారు. మొన్న ఆరాధనయ్యాక సంఘపెద్ద గారు నన్ను పక్కకి పిలిచారు. ప్రార్థన లేకుండా చేత్తో నయం చెయ్యడం మంత్రగత్తె పనంట. మీ ఆవిడ ఇలాంటివి రాస్తుంటే చర్చిలో నువ్వు పాటలెలా నడిపిస్తావన్నారు."

సంఘపెద్ద గారు! ప్రతి శుక్రవారం ఆరాధన నుంచి నేరుగా మా ఇంటికొచ్చి, బిర్యానీ తిని, "ఈ భుజం కాస్త చూడమ్మా, నీ చేతిలో ఏదో ఉంది తల్లీ" అనే పెద్దమనిషి. ఆయన వెనకాల నడుములు పట్టుకుని ఇంకో నలుగురు.

"ఆయన భుజం నేను చేత్తోనేగా బాగుచేసింది? అప్పుడు మంత్రగత్తెని కాదా?"

"అది వైద్యం. ఇది కథ కదే."

"అవును, కథే! ఇక చాలు అని నా నోటితో అనలేక, దానిచేత అనిపిద్దామనుకున్నాను. అనకముందే దాని గొంతు నులిమేశారు."

ఏడుపొచ్చేసింది. కోపంలో వచ్చే ఏడుపంటే నాకు మరీ అసహ్యం. ఆయన బిక్కమొహం వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

"పోనీ ఆ భాగం తీసేస్తాలే."

"తియ్యొద్దు. దాన్ని లేపండి."

"చచ్చినదాన్ని ఎలా లేపుతావే?"

"మూడో నాడు లేస్తుంది. కుదరదనడానికి మీ పెద్దగారికి నోరుంటే రమ్మనండి."

నేను చెబుతూ పోయాను, ఆయన టైప్ చేస్తూ పోయారు. సమాధి దగ్గర యోధుడు కొత్త గాయాలతో నిలబడి చెయ్యి చాచాడు. ముందు కత్తి కింద పెట్టమంది ఆమె. వాడు పెట్టలేదు. ఇక తాకనంది.

తర్వాత సంఘం గ్రూపులో పెట్టడానికి ఇంకో ముక్క కూడా ఆయనచేతే టైప్ చేయించాను: "ఇకపై శుక్రవారాలు మా ఇంట్లో భుజాలు, నడుములు చూడబడవు. నొప్పి ఉన్నవారు ప్రార్థన చేసుకోగలరు."