కమలాకర్ అన్నయ్య కడిగిన నేల

జనవరి చలిలో కూడా వట్టి పాదాలతో తిరగగలిగే గది జర్మనీలో నాకు దొరికిందంటే అది కమలాకర్ అన్నయ్య చలవే. ఆ గది నేలను ఒకసారి నాశనం చేసిన ఘనత కూడా ఆయనదే. రెండూ కలిపి చెబితే తప్ప ఆ మనిషి అర్థం కాడు.

ఆయనది వరంగల్. బ్లూకార్డు మీద కైసర్స్‌లౌటర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య ఊర్మిళ, కిండర్‌గార్టెన్‌కు వెళ్లే కూతురు ఈషా, ఊరి చివర కొనుక్కున్న పాతకాలపు ఇల్లు. కాట్‌బస్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో ఆయన అద్దెకున్నది ఒక అటక గది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చేతులకు గ్లౌజులతో ల్యాప్‌టాప్ నొక్కుతూ పరీక్షలకు చదివాడట. అందుకే సొంతిల్లు కొనగానే, పైఅంతస్తు గది మన స్టూడెంట్‌కే ఇవ్వాలనీ, అందులో ఎవరూ వణకకూడదనీ పట్టుబట్టాడు. ఏటవాలు కప్పు కింద గోడలు మోకాలెత్తు కూడా లేవు. హీటర్ బిగించే చోటే లేదు. సరే, నేల కిందే వేడినీళ్ల గొట్టాలు వేయిద్దామనుకున్నాడు.

చెక్క దూలాల మీద నిలిచిన నేల కాంక్రీటు బరువు మోయలేదు. అందుకని ష్నైడర్ అనే హీటింగ్ పనివాడు తేలికపాటి జిప్సం పలకలు పరిచి, వాటి గాడుల్లో గొట్టాలు అమర్చి, పైన మరో వరుస పలకలు మూశాడు. ఇక టైల్స్ అతికించడమే మిగిలింది.

ఆ గది నాకోసమే. కాకినాడ నుంచి వేసవి సెమిస్టర్‌కు వచ్చి, ఇండియా వెళ్లిన ఒకమ్మాయి గదిలో తాత్కాలికంగా సర్దుకున్నదాన్ని నేను. సెప్టెంబరు ఆఖరుకు ఆ అమ్మాయి తిరిగొస్తోంది. హాస్టల్ వెయిటింగ్ లిస్టు కదిలే సూచన లేదు. చిరునామా లేకపోతే ఆన్‌మెల్డుంగ్ ఉండదు, ఆ నమోదు లేకపోతే వీసా పొడిగింపు ఉండదు. ఉగాది భోజనాల దగ్గర పరిచయమైన ఊర్మిళ వదిన "ఆ గది నీదే పో" అన్న రోజు నుంచి నేను కాస్త కంటినిండా నిద్రపోయాను.

నేను దిగబోయే ముందు శుక్రవారం పనివాళ్లు వెళ్లిపోయాక అన్నయ్య పైకెళ్లి చూశాడు. నేలంతా బూట్ల గుర్తులు, తెల్లపొడి. పనివాళ్లు వెళ్లాక ఇల్లు కడగాలని మనకెవరూ నేర్పక్కర్లేదు. పైగా ఒక ఆడపిల్ల కొత్తగా అడుగుపెట్టే గది. బకెట్ నీళ్లలో పసుపు కలిపి గుమ్మరించి, చీపురుతో బరబరా రుద్దాడు. ఇంకో బకెట్ కూడా పోశాక, నీళ్లను తోసేద్దామని తూము కోసం వెతికాడు. జర్మనీ గదికి తూమెక్కడిది? నీళ్లు తమ దారి తాము చూసుకుని పలకల సందుల్లోకి దిగిపోయాయి. కింద వంటగదిలో ఉన్న ఈషా సీలింగ్ వంక చూసి, "పాపా, ఎస్ రేగ్నెట్!" అని అరిచింది. నాన్నా, ఇంట్లో వాన పడుతోందని దాని సంబరం.

సోమవారం ష్నైడర్ వచ్చి నొక్కితే ఉబ్బిన పలక తడిసిన అట్టలా లోపలికి పోయింది. ఆ పసుపు ఏం రసాయనమోనని భయపడ్డాడట పాపం. పలకలన్నీ పీకాలి, దూలాలు ఆరాలి, మళ్లీ మొదట్నుంచి పరచాలి, క్రిస్మస్‌కు ముందు కుదరదు అని తేల్చేశాడు.

ఆ సాయంత్రం అన్నయ్య ఫోన్ చేశాడు.

"చెల్లె... నేల కడిగిన."

"మంచిదేగా అన్నయ్యా?"

"మంచిది గాదు," అన్నాడు. తర్వాత విషయమంతా చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. గొట్టాల గురించి ఊరందరికీ ఫొటోలు చూపించి పాఠాలు చెప్పిన మనిషి, ఆ గొట్టాల మీదే పసుపునీళ్లు పోస్తాడా! ఆ వెంటనే భయం పట్టుకుంది. ఇంకో రెండు రోజుల్లో నేను వీధిన పడతాను. ఫోన్ వదిన చేతికి మారింది.

"ఆయన ముచ్చట తర్వాత ఇందువు గానీ, సామాన్లు సర్దుకున్నవా? ఎల్లుండి పొద్దుగాల కారు తీస్కొని వస్తున్నం."

"గదే లేదు కదా వదినా?"

"గది లేకుంటే ఇల్లు లేదా?"

వెళ్లి చూస్తే వాళ్ల పడకగది నాకోసం ఖాళీ అయిపోయింది. ఉతికిన దుప్పటి, కిటికీ దగ్గర ఒక బల్ల. హాల్లో వరసగా మూడు పరుపులు. నేను సోఫా మీద పడుకుంటానంటే అన్నయ్య ఒప్పుకోలేదు. "చదువుకునే పిల్లకు మూసుకోనీకి ఒక తలుపుండాలె చెల్లె. మేం ముగ్గురం ఒక్క దగ్గర పంటే ఈషాకు పండుగ."

క్రిస్మస్ దాకా ఆ ముగ్గురూ హాల్లోనే పడుకున్నారు. ఒక్కరోజు కూడా నాకది గుర్తు చేయలేదు. ఆ రుణం నేను తీర్చుకోలేను, తీర్చుకోవాలని కూడా లేదు.

దిగిన రోజు సామాను లోపల పెట్టాక ఆయన నన్ను బయటికి పిలిచాడు. పేరు లేని ఇంటికి ఇక్కడ పోస్టు కూడా రాదు. కాలింగ్ బెల్ పక్కన తమ పేర్ల కింద భానుప్రియ అని నా పేరు అతికించి, ఒకసారి నొక్కి చూడమన్నాడు. నొక్కాను. ఈషా పరుగున వచ్చి తలుపు తీసింది.

"ఎవరొచ్చిన్రే?" అని లోపలి నుంచి వదిన అడిగింది.

"నీమాండ్! నూర్ భాను అక్క!" అంది ఈషా.

ఎవరూ రాలేదట, భాను అక్కేనట.