పెత్తరమాసకు ఒక ముఖం

తాండూరులో మా ఇల్లు బండలు పాలిష్ చేసే మిషన్ల పక్కనే. తెల్లటి దుమ్ము ఇంట్లో అన్నిటి మీదా పడుతుంది. బండను తడిగుడ్డతో తుడిస్తే అసలు రంగు తేలుతుంది, నా బతుకంతా చేసిన పని అదే. నా పెనిమిటి పోయాక గోడకు పెట్టిన ఫోటోనూ రోజూ అట్లాగే తుడిచాను.

అది ఫోన్‌లోంచి అచ్చు వేయించిన ఫోటో. ఫ్రేము అంచులోంచి నీళ్లు దిగాయి. వానాకాలం పోయేసరికి ముక్కూ మూతీ కలిసిపోయి నీలిమరక మిగిలింది. పక్కనే మా అత్త పాత ఫోటో, అదే గుడ్డ, అదే నీళ్లు. ఆమె మాత్రం ఇంకా నన్ను గుర్రుగా చూస్తూనే ఉంది.

పెత్తరమాస దగ్గరికొచ్చింది. పోయినవాళ్లకు వండి పెట్టే రోజు. బొట్టు పెట్టడానికి ముఖం ఉండాలి కదా. బిడ్డను తీసుకుని, ఆ ఫోటో వేసిన వికారాబాద్ స్టూడియోకు పోయాను.

"ఫోన్ తెచ్చినవా అమ్మా?" అన్నాడు స్టూడియో ఆయన.

"అది ఖరాబైతే అమ్మేసినం," అంది బిడ్డ. "మీ కంప్యూటర్ల ఉంటదనుకున్నం."

"గన్ని ఫోటోలు ఏడ దాసాలక్కా? ఎప్పటివప్పుడు తీసేస్తం."

ఫోన్‌లో నా పెనిమిటివి ఎన్ని ఉండేవో! అనంతగిరిలో కోతి కొబ్బరిచిప్ప గుంజుకుంటే తిట్టేది ఒకటి, కనుబొమ్మల నిండా బండదుమ్ముతో నవ్వేది ఒకటి. ఎటూ పోవులే అనుకున్నాం.

పెళ్లినాటి ఫిలిం ముక్క ఒకటి సంచిలోంచి తీసిచ్చాను. ఆయన వెలుతురుకు పట్టి చూశాడు.

"మస్తు మంచిగుందమ్మా. గిది చేసిస్త."

అచ్చు వచ్చింది. బాసింగం కట్టుకుని, మీసం సరిగా రాని పిల్లగాడు బెదురుగా చూస్తున్నాడు.

"నాయిన గిట్ల ఉండెనా?" అంది బిడ్డ. "ఎవరో పరాయోని లెక్క కనబడుతున్నడే."

"నన్ను జూసే గట్ల బెదిరిండు," అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత బిడ్డ కొంగు నోట్లో కుక్కుకుంది.

అమాస నాడు కారం తగ్గించి వండాను. దగ్గు పట్టినప్పటి నుంచి ఆయన అట్లాగే తినేవాడు. విస్తరి ముందు కూర్చున్నది మాత్రం నా చేతి కూడు ఒక్కసారీ తినని పిల్లగాడు. బొట్టు పెట్టి, ముసలాయనను పిలుద్దామని కళ్లు మూసుకున్నాను. కనుబొమ్మలు వచ్చాయి. దగ్గు వినబడింది. ముఖం రాలేదు.