ఏడు పాళ్ల అమ్మవారు, ఎనిమిది పాళ్ల వాకిలి

మా ఊరి అమ్మవారి గర్భగుడి రాతి ద్వారబంధం పగిలిన నాటి నుంచి పూజారి లోపలికి ఎవరినీ రానివ్వడం లేదు. పై బండ ఎవరి నెత్తిన పడుతుందోనని భయం. కొత్తది చెక్కగల వీరాచారి గద్వాలలో ఉన్నాడనీ, శుక్రవారం రాయచూరు వైపు పనికి వెళితే మళ్లీ ఏడాదికి గాని రాడనీ కబురు వచ్చింది. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి కాబట్టి కొలతలు పట్టుకెళ్లే పని నా మీద పడింది. నిజం చెప్పాలంటే నేనే మీద వేసుకున్నాను.

మంగళవారం తెల్లవారుతూనే ఎడ్లబండిలో నాగర్‌కర్నూలు చేరి ఏడు గంటల బస్సు ఎక్కాను. వనపర్తికి ఆరణాల టికెట్టు. ముందు కూర్చుంటే దుమ్ము తక్కువ, వెళ్లేవారు గుర్తుంచుకోవాలి. వెనక సీట్లో ఒక పెద్దమ్మ, మా పక్క ఊరామె, వనపర్తిలో కూతురింటికి వెళుతోంది. మా ఊరి పేరు చెప్పగానే నిట్టూర్చింది.

"మీ అమ్మోరిని జూసి శానా యేండ్లాయె అయ్యా. వంగితె గాని మొకం కనబడదు. నా నడుము వంగుతలేదు."

"అమ్మ ముందు వంగాల్సిందే కదా పెద్దమ్మా" అన్నాను కాస్త గొప్పగా. గుడి మండపంలో బండలు పరిపించింది మా తాత. ఆ సంగతి తలుచుకుని మురిసిపోవడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

వనపర్తిలో స్టేషనుకు వెళ్లే టాంగా దొరికేదాకా సంస్థానం మేడ కమానులు లెక్కపెట్టాను. నడిమి కమానుకు అటు ఎన్నో ఇటూ అన్నే. లెక్క కుదిరిన కట్టడం చూస్తే నాకు ఆకలి తెలియదు. అయినా రెండు జొన్నరొట్టెలు తిన్నాను. మధ్యాహ్నం వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కి, కృష్ణ దాటి, నాలుగింటికి గద్వాలలో దిగాను. కోట దగ్గరి సత్రంలో బస. అద్దె లేదు గాని నల్లులున్నాయి.

బుధవారం పొద్దున్నే వీరాచారి ఇంటికి వెళ్లాను. డెబ్బై దాటిన మనిషి. నేను అడుగులూ అంగుళాలూ చదువుతుంటే సుద్దతో నేల మీద అసలు కొలతకే గీసి, చాలాసేపు దాని వంకే చూశాడు.

"పంతులూ, గోడ కొలిసినవు, గడప కొలిసినవు. అమ్మోరిని కొలిసినవా?"

లేదన్నాను. అంత లెక్కల పంతులికీ ఆ ఆలోచనే రాలేదు.

"పీటతోని అమ్మోరు ఏడు పాళ్లయితె, వాకిలి ఎనిమిది పాళ్లుండాలె. పైన ఒక్క పాలు ఖాళీ. అమ్మోరి నుంచి వాకిలి పుడ్తది, వాకిలి నుంచి గుడి పుడ్తది. నువ్వు కొస నుంచి మొదలువెట్టినవు."

తల ఎత్తలేకపోయాను. ఊరికి పోయి కొలిచి రావాలంటే శుక్రవారం దాటిపోతుంది. నా మొహం చూసి ఆయనకే జాలి వేసినట్టుంది.

"జర ఆగు. మీ అమ్మోరి చీర యాడ నేస్తరు?"

ఏటా దసరాకు అమ్మవారికి చిన్న చీర నేసేది ఆ పక్క వీధిలోని నర్సప్పే. ఇద్దరం వెళ్లాం. నర్సప్ప మగ్గం ఆపి, పెట్టెలోంచి ముడులు వేసిన నూలుపోగు ఒకటి తీశాడు.

"పీట కింది నుంచి కిరీటం దాక. మా నాయిన కొలిసిండు. గీ పోగు తప్పితె మాకు అడుగులు, అంగుళాలు తెల్వదు."

నాకు ప్రాణం లేచి వచ్చింది. వీరాచారి ఆ పోగును ఏడు సమాన మడతలు వేసి, ఒక మడతంత పొడవు దానికి కలిపి, నా సుద్దగీత పక్కన పరిచాడు. నా వాకిలి జానెడు పొట్టిగా తేలింది.

"పాత గడప కింద పూడుకపోయింది పంతులూ. ఎవరో దాని మీద బండలు పరిసి, ఇంకో గడప ఏసిండ్రు. గందుకే జనం వంగుతుండ్రు. ఆ బండలు తీయిస్తనంటె చెక్కుత. లేకుంటె నాతోని కాదు."

ఆ బండల్లో మొదటిదాని మీద మా తాత పేరుంది. ముందు ముసలాయన మీద కోపం వచ్చింది, తర్వాత తాత మీద వచ్చింది. అప్పుడు బస్సులోని పెద్దమ్మ నడుము గుర్తొచ్చింది. "తీయిస్తాను" అన్నాను.

చెక్కిన ద్వారం తానే బండ్ల మీద పంపిస్తానని చెప్పి, రాయచూరు ప్రయాణం నెల రోజులు వాయిదా వేశాడు వీరాచారి.

గురువారం వచ్చిన దారినే తిరుగు ప్రయాణం. వనపర్తిలో బస్సెక్కితే అదే పెద్దమ్మ, కూతురింటి నుంచి తిరిగి వస్తోంది. ఇక నిలబడే అమ్మవారి మొహం చూడవచ్చునని చెప్పాను. కాసేపు నమ్మలేదు.

"మరి గిన్నొద్దులు మమ్ములనెందుకు వంచిండ్రు?"

"మా తాత, పెద్దమ్మా. తెలియక చేశాడు. ఇప్పుడు ఆయన బండలన్నీ పీకించాలి."

ఆమె నా మొహం చూసి మెత్తబడింది.

"పారెయ్యకుండ్రి. గుడి బయట మెట్లకు ఎయ్యుండ్రి. ఎక్కెటందుకు నా అసుంటోళ్లకు అక్కెరకొస్తయి."

దారి పొడుగునా ఆ మాటే నా వెంట వచ్చింది. నాగర్‌కర్నూలులో దిగేసరికి తాత పేరున్న బండకు చోటు కుదిరింది. అదే మొదటి మెట్టు. దాని మీద మొదటి అడుగు పెద్దమ్మది.