గడప వైపు నడిచిన కంప్యూటరు

ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటరు ఉండటమంటే, పండక్కి వచ్చిన అల్లుడు తిరిగి వెళ్ళకుండా ఉండిపోవడం లాంటిది. ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియదు, ఎండ తగలకూడదు, దుమ్ము పడకూడదు, పిల్లలు ముట్టుకోకూడదు, చుట్టాలు వస్తే మాత్రం తప్పకుండా చూపించాలి. కంప్యూటరు ఉన్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళిన ఇళ్ళు నాకు తెలుసు. మాకు ఆ గదే లేదు. విశాఖలో పోర్టుకి దగ్గర్లో కొండవాలు మీద ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు కట్టిన ఇళ్ళలో మాది ఒకటి. ఒక హాలు, ఒక వంటిల్లు, మధ్యలో పేరుకి ఒక గది (అందులో బియ్యం బస్తా, స్కూటరు స్టెప్నీ, దేవుడూ ఉండేవారు). రాత్రయితే హాల్లోనే పక్కలు పరుచుకోవాలి. అక్కడ కంప్యూటరుకని శాశ్వతంగా ఒక బల్ల వేస్తే మా ముగ్గురిలో ఒకరు వీధిలో పడుకోవాలి.

అందుకని నాన్న చక్రాల స్టాండు కొన్నారు. చెక్క రంగు బోర్డుతో, మనిషి నడుం ఎత్తున ఉండేది. పైన మానిటరు, దాని కింద లాగితే బయటికొచ్చే కీబోర్డు పలక, అడుగున సీపీయూకి గూడు, నాలుగు మూలలా నల్లటి చిన్న చక్రాలు. "ఎక్కడికి కావాలంటే అక్కడికి తోసుకోవచ్చు బావా, రెండు సక్రాలకి బ్రేకు కూడా ఉంది," అన్నాడు షాపతను నాన్నతో. బ్రేకు ఉన్న మాట నిజమే. అది పనిచేస్తుందని అతను అనలేదు, మేమూ అడగలేదు.

అసలు చిక్కు మా గచ్చుతో వచ్చింది. బకెట్టు నీళ్ళు పోసి కడిగితే ఆ నీళ్ళు వీధి గుమ్మం పక్కనున్న తూములోకి వాటంతట అవే పోవాలని గచ్చుకి కాస్త వాలు ఇస్తారు. అందరి ఇళ్ళలోనూ ఇస్తారు. మా మేస్త్రి మనసు పెట్టి ఇచ్చాడు. అమ్మ సంచిలోంచి జారిన ఉల్లిపాయ ఎప్పుడూ గడప దగ్గరే దొరికేది. స్టాండూ అంతే. లోపలి గోడ దగ్గర కూర్చుని ఉత్తరం టైపు చెయ్యడం మొదలుపెడితే, 'ఇట్లు' దగ్గరికి వచ్చేసరికి వీధి గుమ్మం దగ్గర ఉండేదాన్ని. ముక్కాలి పీటని నాతో పాటు జరుపుకుంటూ వెళ్ళడం కొన్నాళ్ళకి అలవాటైపోయింది. దారిన పోయేవాళ్ళు "ఏటమ్మా, బయల్దేరినావా?" అని పలకరించేవారు.

నాన్న పోర్టులో మూరింగు గ్యాంగులో పనిచేసేవారు. ఓడ వచ్చి గట్టుకి ఆనుకోగానే దాని తాళ్ళు అందుకుని, గట్టు మీది ఇనుప దిమ్మలకి తగిలించి, అది కదలకుండా చెయ్యడం వాళ్ళ పని. కదిలే వస్తువుని కట్టకుండా వదిలెయ్యడం ఆయన చేతకాదు (స్కూటరుకి స్టాండు వేశాక కూడా దాన్ని కిటికీ చువ్వకి కట్టేవారు). కంప్యూటరు నడుస్తోందని తెలిసిన సాయంత్రమే ఎక్కడినుంచో నైలాను తాడు ముక్కలు తెచ్చి, స్టాండుకి ముందు రెండు, వెనక రెండు వేసి, కిటికీ చువ్వలకీ తలుపు గొళ్ళేనికీ బిగించారు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని "ఆల్ ఫాస్ట్" అన్నారు. కట్టడం పూర్తయింది, ఇక ఓడ ఎక్కడికీ పోదు అని పోర్టు భాషలో దానికి అర్థం. ఆ మాట వినబడ్డాకే నేను స్విచ్చు వెయ్యాలి. చుట్టాలెవరైనా "ఇదేటి, కంప్యూటరు పారిపోద్దేటి?" అని నవ్వితే, నాన్న నవ్వకుండా "పారిపోద్ది" అనేవారు.

నేనప్పుడు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. ఖాళీగా ఉన్న ఆడపిల్లకి మా వైపు ఎవరో ఒకరు పని చూసిపెడతారు. మా పెద్దమ్మ సబ్బవరంలో చిన్నపిల్లల బడి నడిపేది. దసరా వెళ్ళగానే నేను వాళ్ళింట్లో ఉండి ఎల్కేజీ పిల్లలకి పాఠాలు చెప్పాలని ఆవిడ నిర్ణయించేసింది. (పాఠాలు అని పెద్దమ్మ అనేది. అంతకుముందు సెలవుల్లో వెళ్ళి చూశాను, అక్కడ ముఖ్యంగా జరిగేది ముక్కులు తుడవడం.) నాకేమో విశాఖలోనే కొత్తగా తెరిచిన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో ఉద్యోగం కావాలి. అమెరికాలో డాక్టర్లు గొణిగినదంతా విని ఇక్కడ టైపు చెయ్యడం. వాళ్ళు నాకు ఒక సీడీ ఇచ్చి, ఇందులో ఉన్నది టైపు చేసి మర్నాడు సాయంత్రం ఐదు లోపల ఈమెయిల్లో పంపు, బావుంటే తీసుకుంటాం అన్నారు. ఆ మర్నాడు మహర్నవమి అని నేను ఇంటికొచ్చి క్యాలెండరు చూసేదాకా గుర్తు రాలేదు.

ఆ సాయంత్రమే చాలావరకు పూర్తి చేశాను. సీడీలోని డాక్టరు గుండెజబ్బు గురించి చెబుతూ మధ్యలో ఏదో తింటున్నాడు. ఆఖరి పేజీ దగ్గర కరెంటు పోయింది. సరే, పొద్దున్న చూసుకుందాం అనుకున్నాను. పొద్దున్న లేచి చూసేసరికి కంప్యూటరుకి బొట్టు పెట్టి ఉంది.

ఆయుధపూజ నాన్నకి మిగతా పండగల్లాంటిది కాదు. ఏడాదంతా మనకి చాకిరీ చేసిన పనిముట్లకి బొట్టు పెట్టి, దండం పెట్టి, ఆ ఒక్క రోజూ వాటికి సెలవివ్వాలి, మళ్ళీ దశమి నాడు పొద్దున్నే ముట్టుకోవాలి. దేవుడి గదిలో చోటు చాలక హాల్లోనే పీట వేసి అమ్మవారి పటం పెట్టారు. దాని ముందు నాన్న చేతి తొడుగులు, టార్చిలైటు, స్పానర్లు, అమ్మ కత్తిపీట (అందుకని ఆ రోజు మా ఇంట్లో చేత్తో విరిచే కూరలే), పీటకి ఎడమ పక్కన స్కూటరు, కుడి పక్కన బంతిపూల దండ వేసుకుని మా కంప్యూటరు. చక్రాలున్నాయి గనుక నాన్న దృష్టిలో అదీ వాహనమే, అందుకని స్కూటరుకి పెట్టినట్టే దాని నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. ఇక తాళ్ళంటారా, తాడు నాన్నకి అన్నిటికన్నా పెద్ద ఆయుధం. స్టాండుకి కట్టినవి నాలుగూ విప్పి, శుభ్రంగా కడిగి, చుట్టలు చుట్టి, పసుపూ కుంకుమా అద్ది అమ్మవారి పాదాల దగ్గర పెట్టారు. స్టాండు నిమ్మకాయల మీద ఆగి ఉంది.

"నాన్నా, ఐదు లోపల పంపకపోతే ఆ ఉజ్జోగం రాదు," అన్నాను.

"అమ్మోరి ముందు పెట్టీసినాక ఎలాగ ముడతావు? రేపు పొద్దున్నే కొబ్బరికాయ కొట్టీసి తీద్దుం. ఒక్క రోజుకి ఏటైపోద్ది?"

"ఆళ్ళు అమెరికావోళ్ళు నాన్నా. ఆళ్ళకి దసరా లేదు."

"మనకుంది కదా," అన్నారు నాన్న. సందు చివర నెట్ సెంటర్ ఒకటి ఉండేది, అక్కడికి పరిగెత్తాను. వాళ్ళు షట్టరు సగం దించి, ఉన్న కంప్యూటర్లన్నిటికీ అరటిపిలకలు కట్టి, నాకు గుప్పెడు శనగలు ప్రసాదం పెట్టి పంపారు. అవి తింటూ ఏడుస్తూ ఇంటికొచ్చాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్న స్కూటరూ చేతి తొడుగులూ లేకుండానే డ్యూటీకి వెళ్ళారు. మూడింటికి ఓడొకటి రావలసి ఉంది. నేను హాల్లో కూర్చుని కంప్యూటరు వైపు, అది నా వైపు చూస్తూ ఉన్నాం. వంటింట్లోంచి అమ్మ అడిగింది.

"మీ నాన్న ఎక్కడికెల్నాడే?"

"ఓడకి తాళ్ళు కట్టడానికి."

"పండగనాడా?"

"పండగని ఓడ ఆగుద్దేటమ్మా?"

"మరి నీదెందుకాగింది?" అంది అమ్మ. నాలుగు గోరుచిక్కుళ్ళు విరిచింది. మళ్ళీ తనే, "నాను కాయలు ఇరుసుకుంటన్నాను. అటు తిరగను. నాకేటీ తెల్దు," అంది.

అమ్మవారికి దండం పెట్టుకుని, దండ తియ్యకుండా, బొట్టు చెరపకుండా, వీలైనంత భక్తితో వెళ్ళి స్విచ్చు వేశాను. ఆఖరి పేజీ అయిపోయింది. ఇక పంపాలి. ఇంటర్నెట్టు ఫోను తీగ లోంచి వచ్చేది, ఫోనేమో లోపలి గోడకి, అంటే వాలుకి పైకొసన ఉంది, తీగ పొట్టిది. స్టాండుని అక్కడికి తొయ్యాల్సిందే. తోశాను. నిమ్మకాయలు నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి చితికాయి. "ఏటా సప్పుడు?" అంది అమ్మ, తిరగకుండా. "శుభమేనమ్మా, నిమ్మకాయలు," అన్నాను.

మోడెం కీచుమని అరిచి, గురక పెట్టి, రెండుసార్లు కాదని, మూడోసారికి కలిసింది. పంపమని నొక్కాను. తెర మీద చిన్న నీలం గీత మొదలైంది. అది నిండితే నాకు ఉద్యోగం, నిండకపోతే సబ్బవరం. ఆ గీత చీమ కన్నా నెమ్మదిగా పాకుతోంది, దానికన్నా కొంచెం వేగంగా స్టాండు గడప వైపు బయల్దేరింది.

కాలు అడ్డం పెట్టాను. పండగని పొద్దున్నే కడిగిన గచ్చు, దాని మీద నిమ్మరసం. కాలు జారింది, కాలి వెనకే నేను కూర్చున్న ముక్కాలి పీట జారింది. చెప్పులు అడ్డం పెడదామంటే పూజ చేసిన బండి. రెండు చేతులా స్టాండుని కావలించుకున్నాను. అది నన్ను కూడా తీసుకుని బయల్దేరింది. ఫోను తీగ నేల మీంచి లేచింది, ఇంకొంచెం లేచింది, బట్టలారేసే తాడులా బిగుసుకుంది. గీత సగం దాటింది. అప్పుడు గుమ్మంలో చెప్పులు విప్పిన చప్పుడైంది.

సముద్రంలో గాలి ఎక్కువగా ఉందని ఓడని లోపలికి రానివ్వలేదట. నాన్న తిరిగొచ్చేశారు. గుమ్మంలో ఆయన నిలబడ్డారు, ఎదురుగా బొట్టు పెట్టుకుని, బంతిపూల దండ వేసుకుని, నన్ను ఈడ్చుకుంటూ కంప్యూటరు వస్తోంది. ఆయన ముఖంలోకి కోపం ఎక్కడం చూశాను. అది నా దాకా వచ్చేలోపల ఆయన చూపు ఆ తీగ మీద పడింది. తెగబోతున్న తాడుని చూస్తూ ఊరుకున్న రోజు ఆయన జీవితంలో లేదు. చేతిలో క్యారేజీ అక్కడే వదిలేసి, ఒక్క అంగలో గడప దాటి, స్టాండుని రెండు చేతులా పట్టి ఆపేశారు.

"తాడు! తాడందుకో పాపా!"

"తాళ్ళు పూజలో ఉన్నాయి నాన్నా."

నాన్న అమ్మవారి వైపు చూశారు. పాదాల దగ్గర నాలుగు చుట్టలూ కుంకుమతో ఎర్రగా ఉన్నాయి. ఆయన పెట్టిన నియమం, ఆయన చేతుల్లో నా ఉద్యోగం. నేను కదిలితే తీగ ఊడుతుంది, ఆయన వదిలితే స్టాండు పోతుంది. అటు తిరగనన్న అమ్మ అప్పుడు వంటింట్లోంచి వచ్చింది. పీట దగ్గర వంగి, "తల్లీ, తప్పయితే నాది," అని ఒక చుట్ట అందుకుని, విప్పి, కొస నాన్న మీదకి విసిరింది. పోర్టులో విసిరినట్టే విసిరింది (ఇన్నేళ్ళు రాత్రి భోజనాల దగ్గర తాళ్ళ గురించి వినడం వృథా కాలేదు). నాన్న దాన్ని గాల్లోనే అందుకుని, స్టాండుకో మెలిక, కిటికీ చువ్వకో మెలిక వేసి బిగించారు. "ఆల్ ఫాస్ట్," అన్నారు, ఎవరికో తెలియదు.

అన్నాక కూడా వదల్లేదు. ఒక్క తాడుని నమ్మకూడదని ఆయన సిద్ధాంతం. నిమ్మరసంలోనే కూర్చుని, రెండు చేతులతో స్టాండు కాళ్ళు పట్టుకుని, తల తిప్పకుండా అడిగారు.

"ఎల్లిపోనాదా?"

"ఇంకా లేదు నాన్నా."

కాసేపయ్యాక మళ్ళీ. "ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాది నాన్నా."

నాన్న లేచి, ప్యాంటు దులుపుకుని, అమ్మవారి ముందుకెళ్ళి లెంపలు వేసుకున్నారు. ఆగి, మళ్ళీ ఇంకోసారి వేసుకున్నారు. "అదెవలికి?" అంది అమ్మ. "పాపకి. దానికిప్పుడు సేతులు కాళీ లేవు," అన్నారు. నిజమే, నేనింకా స్టాండుని కావలించుకునే ఉన్నాను.

ఆ ఉద్యోగం వచ్చింది. సబ్బవరం పిల్లల ముక్కులు వేరే ఎవరో తుడిచారు. పెద్దమ్మ కొన్నాళ్ళు మాట్లాడటం మానేసి, మొదటి జీతంతో చీర పెట్టాక మొదలుపెట్టింది. ఇప్పుడు నా పనంతా ఒళ్ళో పట్టేంత పెట్టెలో జరిగిపోతుంది. దానికి చక్రాలు లేవు, ఎటూ జారదు, పంపమంటే రెప్పపాటులో పంపేస్తుంది, మధ్యలో ఎవరూ ఏమీ పట్టుకోనక్కర్లేదు. అయినా ఒక్కోసారి పెద్ద ఫైలేదైనా పంపుతూ అప్పటి నన్ను, ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది. చెమటలు కక్కుతూ, నీలం గీత మీంచి చూపు మరల్చకుండా, ఇంట్లో వాళ్ళందరినీ ఎదిరించి ఒంటరిగా ఏదో సాధించేస్తున్నానని ఎంత నమ్మిందో పాపం. దానికి ఆ గీత తప్ప ఇంకేమీ కనపడలేదు. నాకిప్పుడు ఆ గీత ఎంతసేపు పట్టిందో కూడా గుర్తు లేదు. కింద గచ్చు మీద, చేతులనిండా కుంకుమ అంటుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్న నాన్నే కనపడతారు.