రెండు వారాలకు పదిహేను రోజులా?

మా అమ్మాయి పాలిటెక్నిక్‌లో కంప్యూటర్స్ చదువుతోంది. రెండు వారాలకోసారి వచ్చే తేదీలు చూపించే చిన్న ప్రోగ్రాం రాసి రేపు ల్యాబ్‌లో చూపించాలి. మేం మిరియాలు అమ్మేది సంత విడిచి సంత కాబట్టి ఆ తేదీలే తీసుకుంది. మా సంత శనివారం. ప్రోగ్రాం మాత్రం మొదటిది శనివారం, రెండోది ఆదివారం, మూడోది సోమవారం అని చూపించింది. ఇవాళ పొద్దుటి నుంచీ అదే వరస. చివరికి "ఇది నాకు రాదమ్మా, బ్రాంచి మారిపోతాను" అని ల్యాప్‌టాప్ మూసేసింది.

నేను గోడమీది క్యాలెండర్ తీసి వేలు పెట్టి లెక్కపెట్టాను. ప్రతిసారీ సరిగ్గా ఒక్క రోజే ముందుకు జరుగుతోంది.

"ఏటే గుంటా, ఎన్ని రోజులు కలుపుతున్నావు?"

"పదిహేను. రెండు వారాలంటే పదిహేను రోజులని నువ్వే అంటావు కదా."

"మనం ఈ శనివారాన్ని కూడా కలుపుకొని అంటాం. నీ కంప్యూటర్ మర్నాటి నుంచి లెక్కపెడతాది. పద్నాలుగు పెట్టు, బేగి."

అన్నీ శనివారాలే వచ్చాయి. బ్రాంచి మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు కోడింగ్ రాదు గానీ, తప్పు ఎక్కడుందో వెతకడం వచ్చు. ఇన్నేళ్లూ పదిహేను రోజుల్లో వస్తామని చెప్పి పద్నాలుగో రోజునే సంతకు వెళ్తున్నామన్నమాట. మీ ఇంట్లో ఎన్ని రోజులంటారు?