ఆదివారం రాణి

ఇంగ్లండులో బార్న్‌స్లీ అనే మా ఊరి వృద్ధాశ్రమంలో నేను పద్దెనిమిదేళ్లు పనిచేశాను. డోరీన్ హెప్‌వర్త్‌కు జరిగినంత అన్యాయం మరొకరికి జరగగా నేను చూడలేదు. టీవీ హాస్య కార్యక్రమంలో పదకొండేళ్లుగా రాణిగారి వేషం ఆమెదే. జుట్టు ఏడాది పొడవునా రాణిగారిలాగే ఉంచుకోవాలని ఒప్పందం. మొదట్లో ఆ వేషం చూసి అందరికంటే గట్టిగా నవ్వింది ఆమె తల్లి ఐవీయే. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి, నవ్విందంటే గది అదిరిపోయేది.

తర్వాత ఐవీకి మతిమరుపు ముదిరింది. కూతుర్ని మరిచిపోయింది గాని రాణిగారిని మరవలేదు. డోరీన్ ప్రతి ఆదివారం అల్లం కేకు పట్టుకుని వచ్చేది. ఆమెను చూడగానే ఆ ముసలి ప్రాణం కుర్చీ పట్టుకుని లేచి, వణుకుతూ మోకాళ్లు వంచి వందనం చేసేది.

"అమ్మా, నేనే, డోరీన్‌ని! కూర్చోవే!" అన్నా వినేది కాదు.

ఒక్కసారి కూతురిగా గుర్తుపడితే చాలని డోరీన్ ఆశ. ఓసారి జుట్టు కనబడకుండా తలకు రుమాలు కట్టుకుని వచ్చింది.

"గుర్రాల దగ్గర్నుంచి ఇటే వచ్చేశారా అమ్మగారూ?" అంది ఐవీ. రాణిగారు గుర్రపు స్వారీకి కట్టుకునేదీ అలాంటి రుమాలే మరి.

ఇంకోసారి చిన్నప్పటిలా పక్కా మా ఊరి యాసలో మాట్లాడింది. ఐవీ మొహం మాడ్చుకుంది.

"మా మాట మోటుగానే ఉంటదమ్మా. అంతమాత్రాన మీరు వెక్కిరించక్కర్లేదు."

డోరీన్ వంటగదిలోకి వచ్చి నా భుజం మీద పడి ఏడ్చింది.

"పోనీ ఆ జుట్టు కత్తిరించి పారెయ్యవే" అన్నాను.

"పని పోతుంది. పని పోతే అమ్మనిక్కడ ఎవరుంచుతారు?"



ఆ చలికాలంలో ఒక ఆదివారం ఐవీ డోరీన్ చెయ్యి పట్టుకుంది. "మా డోరీన్ అని ఒకతుంది అమ్మగారూ. ఆ టీవీలో పడి కన్నతల్లిని మరిచిపోయింది. మీరు ఆజ్ఞ ఇస్తే చచ్చినట్టు వస్తది."

"ఇస్తాను" అంది డోరీన్, రాణిగారి గొంతుతో. ఆ గొంతు వింటేనే ఐవీ నెమ్మదించేది.

పొద్దున తిన్నది మరిచే ఐవీ, ఈ మాట మాత్రం వారమంతా గుర్తుపెట్టుకుంది. మరుసటి ఆదివారం గుమ్మంలోనే నిలదీసింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"మరి రాలేదేం?"

డోరీన్ తల్లి ముందు నేల మీద కూలబడింది. "తప్పయిపోయింది. ఆమె తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను."

"అయ్యయ్యో, మీరెందుకమ్మా!" అంటూ ఐవీ ఆమె చెంపలు తుడిచింది. "తప్పు దానిది. మీలాంటి కూతురు నా కడుపున పుట్టుంటే నాకీ ఏడుపెందుకు?"